కరియ వీపు మీది విభూతి

రేవణసిద్ధప్ప పొద్దున లేచి తానం చేసి, నొసట మూడు వేళ్ల విభూతి పెట్టుకొని, చేతికి మిగిలిందాన్ని కరియ వీపుకు రాస్తడు. కరియ అంటే కుందేలు. వాళ్లింట్ల ఇంకా సగం మాట కన్నడంల నడుస్తది, కరియ అంటే నల్లోడని. మనవరాలు స్నేహ దాన్ని తెచ్చి, పేరు పెట్టి, తాత ఒళ్లె పడేసి హైదరాబాద్ హాస్టల్‌కు చల్లగ పోయింది.

మొదట్ల ముసలాయన బాగ గునిసిండు. కానీ కిరాణం దుకాణం కొడుకు నాగరాజ్ చేతిల పెట్టినంక ఆయన మాట వినేటోడే లేకపాయె. ఎవలతోని మాట కలిపినా ఫోన్ల తలకాయ పెట్టి "ఆఁ, ఆఁ" అంటరు. కరియ అట్ల కాదు. ఒళ్లె కూసొని చెవులు నిక్కబొడుచుకొని వింటది. చిన్నప్పుడు బీదర్ జాతరల తప్పిపోయిన ముచ్చట దానికి ఎన్ని సార్లు చెప్పిండో! పాపం, ఒక్కసారన్న లేచిపోలే.

ఎండలు ముదురుతుంటే ఆయనకు దురద పట్టుకున్నది. పొట్ట మీద, ముంజేతుల మీద ఎర్రటి పొక్కులు.

"ఆ కుందేలుతోనే వచ్చింది," అన్నది భార్య సంగమ్మ.

"నీ కొత్త సబ్బు పౌడర్‌తోని," అన్నడు ఈయన.

సంగమ్మ పంతానికి కుంకుడుకాయలు నలగ్గొట్టి బట్టలన్ని ఉతికింది. దురద ఇంత కూడ తగ్గలే. ఇగ ఆమె కొంగు దోపింది. "సోమారం దాక చూస్త. తగ్గకుంటే దాన్ని ఝరాసంగంల మా తమ్ముడు చంద్రప్ప చేన్ల ఇడిచిపెట్టొస్త."

బామ్మర్ది చేను కాడ కుక్కలు ఎట్లాంటివో రేవణసిద్ధప్పకు ఎరికే. ఒకపారి ఆయన ధోతినే చింపినయి. ఆ రాత్రి బువ్వ సగంల ఇడిచి లేచిండు.

ఐతారం పొద్దుగాల డాబా మీద కూసొని కరియ వీపు నిమురుతున్నడు. నిమిరే చెయ్యి ఆగింది. కండ్లజోడు తీసి తుడిచి మళ్ల చూసిండు. గాలి లేదు, కుందేలు కదుల్తలేదు. వీపు మీది తెల్లటి విభూతి మాత్రం మెల్లగ, తనంతల తానే మెడ దిక్కు నడుస్తున్నది.

"సంగా! ఓ సంగా! ఉరికి రా!"

సంగమ్మ తిట్టుకుంటనే మెట్లెక్కింది. చూసింది. చూసి చెంపలేసుకున్నది. "అయ్యో నా శివా! ఇన్నొద్దులు నిన్నెన్ని మాటలంటి!"

ఇగ చూస్కో. పక్కింటి ఎల్లమ్మ టెంకాయ పట్కొని వచ్చింది. ఎదురింటి లారీ డ్రైవర్ రామ్‌కిషన్ బండి తోలే ముందట నొసలుకు ఇంత పెట్టుకొని పోయిండు. గల్లీల ఉన్నోళ్లంత వచ్చి కరియ వీపు మీదికెళ్లి చిటికెడు చిటికెడు తీసుకొని పూసుకున్నరు. కరియకు పూల దండలేసిన్రు, అది ఆ దండలను తిన్నది. సంగమ్మైతే పొట్లం కట్టి షేర్ ఆటోల ఝరాసంగం తమ్మునికి కూడ పంపింది. కుందేలును ఇడిచిపెట్టే ముచ్చట మళ్ల ఎత్తలే. రేవణసిద్ధప్ప ఆ పూట మారు బువ్వ పెట్టించుకొని తిన్నడు.

ఆ వారంలనే స్నేహ వీడియో కాల్ చేసింది. తాత గర్వంగ కరియ వీపు చూపెట్టిండు. పిల్ల మొకం మాడిపాయె. "తాతా, ఇయ్యాల్నే దాన్ని పశువుల దవాఖానకు తీసుకపో."

పోతే ఏంది, డాక్టరు కూడ మొక్కుతడని బుట్టల పెట్టుకొని పోయిండు. డాక్టర్ హరికృష్ణ మొక్కలే. కరియ వీపుకు టేపు ముక్క అతికిచ్చి, పీకి, మైక్రోస్కోప్ కింద పెట్టిండు.

"పెద్దాయనా, ఇది విభూతి కాదు, చర్మం పొట్టు. కింద సన్నటి పురుగులుంటయి, అవి కదిల్తే పొట్టు కదుల్తది. మీరు రోజు మీదికెళ్లి విభూతి రాస్తుంటే ఎవలకు కనబడ్తది?"

"మరి నా పొట్ట మీద?"

"అవే. మనిషి మీద ఎక్కువ దినాలు బతకయి. దీనికి తగ్గితే మీకూ తగ్గుతది."

కుందేలును తూకమేసి, మెడ వెనక మందు చుక్కలు వేసిండు. మళ్ల మందు వెయ్యనీకి తీసుకరమ్మన్నడు. కింద పరిచిన గడ్డి కాలవెట్టి, గోనెసంచి మసిలే నీళ్లల్ల ఉతకమన్నడు. "కుక్కల మందు, అల్లం చేన్లకు కొట్టే మందు గిట్ల తెచ్చి పూసేరు. సచ్చిపోతది."

ఇంటికి వచ్చేసరికి వాకిట్ల ఎల్లమ్మ. సంకల మనవడు. ఆమె నొసలంత ఎర్రగ కందింది. "సావుకారీ, పోరనికి నజర్ తగిలినట్టున్నది. జర విభూతి పెట్టు."

నోరు మూసుకుంటే కరియ దేవుడు. నోరు తెరిస్తే మాపటికి ఝరాసంగంల కుక్కల పాలు. పోరడు బుగ్గ ముందుకు పెట్టి నవ్విండు.

"వద్దు ఎల్లమ్మా. అది విభూతి కాదు, పురుగులు. డాక్టరు చూసి మందేసిండు. నేను తెల్వకనే మీ అందరికి అంటించిన."

గల్లీ గల్లీ లేచింది. "అందుకేనా, మొన్నటిసంది గోక్కుంట స్టీరింగ్ తిప్పుతున్న!" అని రామ్‌కిషన్ ఒర్రిండు. "ఇయ్యాల్నే ఎల్లగొట్టు దాన్ని!" అని ఎల్లమ్మ దుమ్మెత్తి పోసింది. రేవణసిద్ధప్ప బుట్టను ఎదకు అదుముకొని, "నేనే తీసుకపోత," అన్నడు.

సంగమ్మ బయటికొచ్చింది. అయిపాయె అనుకున్నడు.

"ఎందుకు ఎల్లగొట్టాలె? మీ ఇండ్లకొచ్చి పెట్టుకోమన్నమా? డాక్టరు మందేసిండు, తగ్గుతది. దురద ఉన్నోళ్లు రాన్రి, కొబ్బరినూనె ఇస్త. కుందేలు ఈడనే ఉంటది. పోన్రి ఇగ!"

లోపటికి పోయినంక ఆయన నిమ్మలంగ అడిగిండు. "దాని మీద నీకు గంత ప్రేమ ఎప్పట్నించి?"

"ప్రేమనా? గోక్కొని గోక్కొని సస్తున్న!" అన్నది సంగమ్మ. అని మొకం అటు తిప్పుకున్నది. "పెండ్లయిన కాన్నించి దుకాణంల నించి వచ్చుడు, తినుడు, పండుడు. నాతోని ఒక్క ముచ్చట చెప్పినవా? బీదర్ జాతరల తప్పిపోయినవని నాకేం తెల్సు? నువ్వు దానికి చెప్తుంటే తలుపు సాటుకు కూసొని నేనింటున్న. అది పోతే నాకెవలు చెప్తరు?"

రేవణసిద్ధప్ప బుట్ట కింద పెట్టిండు. వంటింట్లకు పోయి పీట తెచ్చి, తను కూసొనే జాగ పక్కన ఏసిండు.

"కూసో," అన్నడు.