స్పీకర్లో గుయ్‌మనే చప్పుడు

ప్రూఫ్‌రీడరుకి పాటలంటే చెవి కోసుకునేంత ఇష్టం. ఆ ఇష్టంతో వేగలేక ఇంట్లోవాళ్ళు చెవులు మూసుకునే రోజులు కూడా ఉండేవి. అచ్చయిన పుస్తకం చేతికిస్తే కథ ఎలా ఉందో చెప్పడు, మధ్యలో ఎక్కడో కామా ఎగిరిపోయిందని చెబుతాడు. ప్రెస్సులో తల నెరిసేదాకా అదే పని చేసిన మనిషి ఇంటికొచ్చి ఊరుకుంటాడా? పాట బాగుందో లేదో తర్వాత, ముందు అందులో పాట కానిది ఏముందో వెతుకుతాడు.

అతని సరంజామా పెద్దదేం కాదు. ముందుగదిలో బల్ల మీద పాత కంప్యూటరు, దానికి తగిలించిన అరచేతంత పెట్టె, ఒక ఆంప్లిఫయరు, రెండు మూలల్లో రెండు స్పీకర్లు. కంప్యూటర్లో అంకెలుగా ఉన్న పాటను మళ్ళీ పాటగా మార్చేది ఆ చిన్న పెట్టే. అది కొత్తగా కొన్న రోజు వయొలిన్ తీగ మీద కమాను గీరుకునే గరుకు కూడా వినిపించింది. వంటింట్లో ఉన్న భార్యను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాడు.

"బాగుందండీ" అందావిడ.

"బాగుండడం కాదు, వెనకాల విను. గుయ్‌మంటోందా?"

ఆవిడ తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. అంటోంది మరి! సన్నగా, పాటకి పాటకి మధ్య, గాయకుడు ఊపిరి తీసుకునే జాగాలో, గుయ్‌మని. మధ్యమధ్య చిన్నగా టక్కుమని. ఆ రోజు నుంచి అతనికి పాట వినిపించడం మానేసి ఆ చప్పుడొక్కటే వినిపించసాగింది.

తీగలన్నీ మార్చాడు. కంప్యూటరు విప్పి ఫ్యానుకి పట్టిన దుమ్మంతా దులిపాడు. పాటల ఫైళ్ళు నాసివని తేల్చి, అవన్నీ తీసేసి, కుదించనివి ఏరి ఏరి మళ్ళీ పోగేశాడు. స్పీకర్లను జరిపి జరిపి గచ్చు మీద గీతలు పెట్టాడు. స్పీకర్ల దుకాణం అతను రెండుసార్లు వచ్చి, చెవి ఆనించి, "కరెంటు లైన్లోంచి వస్తోంది సార్, ఇంట్లో ఇంకేదో మోటారు తిరుగుతోంది" అని చేతులెత్తేశాడు.

ఈ తతంగమంతా పక్కగదిలో మంచం మీంచి చూస్తూ నవ్వుకునే మనిషి ఒకరున్నారు, అతని అత్తగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఊపిరితిత్తులు మొరాయించాక కూతురింటికి వచ్చేసింది. మంచం పక్కన సూట్‌కేసంత యంత్రం ఒకటి గదిలో గాలినే పీల్చి, అందులోంచి ఆక్సిజన్ వడకట్టి, సన్నటి గొట్టంలోంచి ఆవిడ ముక్కుకి అందిస్తుంటుంది. అది లేకపోతే ఆవిడ మంచం దిగి తలుపుదాకా కూడా నడవలేదు. నోటికి మాత్రం ఏ ఆయాసమూ లేదు.

"లైను గుయ్‌మంటోందంటే ప్రాణం ఉందని అల్లుడూ" అనేది. "మేం రిసీవరు చెవికి పెట్టుకోగానే ముందు అదే వినేవాళ్ళం. ఏ చప్పుడూ లేకపోతేనే కంగారు."

"ఇది ఫోను కాదత్తయ్యా, సంగీతం."

"నాకన్నీ తీగలే నాయనా."

ఒకరోజు అతని భార్య యంత్రంలోని జల్లెడ కడగడానికి దాన్ని కాసేపు ఆపి, తల్లికి, కరెంటు పోయినప్పటి కోసం మూలన ఉంచిన ఆక్సిజన్ సిలిండరు గొట్టం పెట్టింది. అదే సమయానికి ముందుగదిలో పాట శుభ్రమైపోయింది. ప్రూఫ్‌రీడరు కుర్చీలోంచి ఎగిరి పడ్డంత పనయింది. జల్లెడ ఆరి యంత్రం మళ్ళీ మొదలవగానే గుయ్ కూడా మొదలైంది. దొంగ దొరికాడు! అన్నాళ్ళూ స్పీకర్లో తను తిట్టిపోసింది అత్తగారి ఊపిరినన్నమాట. అతనికి కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

"యంత్రాన్ని వంటింటి లైనుకి మారిస్తే ఆవిడకీ ఇబ్బంది లేదు, నాకూ లేదు" అన్నాడు భార్యతో.

"ఏం తేడా రాదుగా అమ్మకి?"

"కరెంటు ఏ గోడలోంచి వస్తే ఏమిటే!"

"నా గాలి నీ పాటకి అడ్డమెందుకు, మార్చుకో" అంది అత్తగారు.

పొడుగాటి వైరు తెచ్చి వంటింటి ప్లగ్గు నుంచి గోడవారగా ఆవిడ గదిలోకి లాగాడు. యంత్రం దడదడ బయటికి వినపడకుండా ఆ గది తలుపు మూసి, కింద సందులో పాత తువ్వాలు మడిచి కుక్కాడు. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం ఏం నిశ్శబ్దమని! అతని మొహం చూసి భార్య కూడా నవ్వింది. అంత సంతోషంగా ఆ మనిషిని ఆవిడ చూసి చాలా కాలమైంది.

ఆదివారం మధ్యాహ్నం. భార్య బస్సు డిపోలో టికెట్ కౌంటరు డ్యూటీకి వెళ్ళింది. అత్తగారు కునుకు తీస్తోంది. ప్రూఫ్‌రీడరు వంటింట్లో టీకి కరెంటు కెటిల్ పెట్టి, వచ్చి కుర్చీలో చేరగిలబడి, ఎన్నోసార్లు విన్న ఒక వేణువు కచేరీ పెట్టాడు. జనం మధ్య రికార్డు చేసింది. శ్రోతల్లో ఎవరో గొంతు సవరించుకోవడం, కుర్చీ కిర్రుమనడం, అన్నీ ఎదుట జరుగుతున్నట్టే ఉన్నాయి. కాసేపటికి వేణువు వెనకాల, ఎక్కడో దూరంగా, పిట్ట కూత వినపడింది. కీచ్. ఆగి మళ్ళీ కీచ్.

అతని ఒళ్ళు పులకరించింది. హాలు బయట ఏ చెట్టు మీదో పిట్ట! ఇన్నేళ్ళుగా వింటున్న కచేరీలో పిట్ట ఉందని ఈ రోజుకి తెలిసింది. శ్రమంతా ఫలించిందనుకున్నాడు. టీ సంగతే మర్చిపోయాడు. సాయంత్రం భార్యకి వినిపిద్దామని, పిట్ట కూసే చోటు గుర్తుపెట్టుకోవడానికి పాటను వెనక్కి జరిపాడు.

ఆ చోట పిట్ట లేదు. కాస్త ముందుకెళ్ళాక కూసింది. మళ్ళీ వెనక్కి జరిపాడు. ఈసారి ఇంకో చోట.

ప్రూఫ్‌రీడరు బుర్ర అక్కడ ఆగింది. ఒకే ప్రూఫును రెండుసార్లు చదివితే తప్పు జాగా మారదు. పాట ఆపాడు.

పాట ఆగినా పిట్ట కూస్తూనే ఉంది.

అప్పుడు అతనికి వంటింట్లో ఫ్రిజ్ మోత కూడా లేదని తెలిసింది. యంత్రం మీద కెటిల్ బరువు కూడా పడేసరికి వంటింటి లైను స్విచ్చి పడిపోయింది; ముందుగదిది వేరే లైను కాబట్టి పాట ఆగలేదు. కరెంటు పోయిందని అత్తగారి యంత్రం అరుస్తోంది. ఎప్పటి నుంచి అరుస్తోందో! పరిగెత్తి తలుపు తోశాడు. కుక్కిన తువ్వాలు ఉండచుట్టుకుని తలుపుకి అడ్డం పడింది. భుజంతో గుద్దాడు.

ఆవిడ మంచం అంచున కూర్చుని, మోకాళ్ళ మీద చేతులానించి ముందుకి వంగి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒక చేతిలో చెంచా. మంచం ఇనప కమ్మీ మీద దాంతో కొట్టినట్టుంది, ఇప్పుడు కొట్టే ఓపిక కూడా లేదు. అతను సిలిండరు తాళం తిప్పబోతే చెయ్యి జారింది. రెండోసారి తిరిగింది. గొట్టం మార్చి ఆవిడ ముక్కుకి పెట్టి, వీపు వెనక చెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఆ వీపు చేతి కింద ఎగసి పడుతోంది. ఆ ఎగసిపాటు ఆగిపోతుందేమోనని అతను భయపడ్డంతగా జీవితంలో దేనికీ భయపడలేదు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

చాలాసేపటికి ఆవిడ పెదాలకి రంగొచ్చింది.

"ఎంత కొట్టినా..." అంది ఆవిడ, ఆగి ఊపిరి తీసుకుని, "అవతలి వాళ్ళు ఎత్తలేదు."

"తప్పయిపోయిందత్తయ్యా."

"వేణువు బాగుంది. మధ్యలో వెనక్కి వెనక్కి పోయిందేం?"

అతను ఆవిడ చేతిలోని చెంచా తీసి పక్కన పెట్టాడు.

పడిపోయిన వంటింటి స్విచ్చి పైకెత్తే ముందే గోడవార వైరంతా చుట్టేశాడు. యంత్రాన్ని పాత ప్లగ్గుకే తగిలించాడు. భార్య వచ్చి చెప్పులు విప్పకముందే గుమ్మంలోనే జరిగిందంతా చెప్పేశాడు, ఒక్క ముక్క తగ్గించకుండా. ఆవిడ అరవలేదు. తల్లి దగ్గరికి వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుంది. తర్వాత ఆ తువ్వాలు తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది. కొన్నాళ్ళు అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. అలా ఉండటమే న్యాయమని అతనికీ అనిపించింది.

స్పీకర్ల దుకాణం అతను ఓ సాయంత్రం ఉత్సాహంగా ఒక పెట్టె పట్టుకొచ్చాడు. "దీన్ని మధ్యలో పెడితే మోటారు గోల పూర్తిగా పోతుంది సార్, ఆవిడ లైను ముట్టుకోనక్కర్లేదు."

"వద్దులే."

"ఒకసారి విని చూడండి సార్..."

"వద్దన్నాగా" అని టీ ఇచ్చి పంపేశాడు. ఆ మనిషికి ఈయన బుర్ర చెడిందేమోనని అనుమానం వచ్చి ఉంటుంది.

ఇప్పుడు పాట అయిపోయినా అతను ఆంప్లిఫయరు కట్టెయ్యడు. ప్రూఫులు ముందేసుకుని ముందుగదిలో కూర్చుంటాడు. అచ్చుతప్పు దగ్గర పెన్ను ఆగినప్పుడల్లా తల అటు తిరుగుతుంది. స్పీకర్లో గుయ్, మధ్యమధ్య టక్కు. పక్కగది తలుపు బార్లా తెరిచే ఉంటుంది.

ఒకరోజు సాయంత్రం అత్తగారు మంచం మీంచి పిలిచింది.

"గుయ్‌మంటోందా అల్లుడూ?"

"అంటోందత్తయ్యా."

"అయితే కాసేపు పడుకుంటాను" అని ఆవిడ గోడవైపు తిరిగింది.