అడ్డొచ్చే జాలీ

నేను ఒక ఇనప జాలీని. బెజవాడ ఆటోనగర్‌లో, పున్నయ్యగారి షెడ్డులో, డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు ముందు నా కాపురం. కాగితం మీద నా పేరు 'రక్షణ కవచం'. షెడ్డులో కాలు పెట్టేసరికి 'అడ్డు' అయ్యాను. దారికి అడ్డొచ్చినవాణ్ణీ అడ్డనే అంటారు, దెబ్బ పడబోతుంటే మధ్యలోకి దూకినవాణ్ణీ అడ్డుపడ్డాడనే అంటారు. నన్ను పిలిచేటప్పుడు మాత్రం వీళ్లకి మొదటి అర్థమే గుర్తొస్తుంది, ఏం చేస్తాం!

నన్ను గీసింది హైమవతి. ప్రెస్సులు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో డిజైనరు. రేకు దూరాలి, వేలు దూరకూడదు. ఆ సందు ఎంతుండాలో తన చిటికెన వేలు పెట్టి మరీ చూసుకుంది. పాపం, అంత శ్రద్ధ గల పిల్ల. ఆఖరున నన్ను ప్రెస్సుకి బిగించడానికి నాలుగు బోల్టులు గీసి, "అమ్మయ్య, అయిపోయింది" అనుకుంది. అయిపోలేదని అప్పుడు నాకూ తెలియదు.

ఆ ప్రెస్సు మీద కూర్చునేది నాంచారమ్మ. కాలితో పెడలు తొక్కితే పైనుంచి అచ్చు దిగుతుంది, మూత తయారవుతుంది. నేనుండగా రేకు నిదానంగా లోపలికి జరపాలి. పున్నయ్యగారికి నిదానం గిట్టదు. చెడ్డవాడు కాదు సుమండీ, నాంచారమ్మకి జ్వరమొస్తే మాత్రలు తనే తెచ్చిచ్చే మనిషి. కాకపోతే తొందర.

దసరాకి ఆయుధపూజ వచ్చింది. ప్రెస్సుకి పసుపు రాయాలని బోల్టులు విప్పి నన్ను తీశారు. శుభ్రంగా కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, గోడకి మేకు కొట్టి తగిలించారు. మర్నాడు నాంచారమ్మ, "అడ్డు పెట్టలేదేంటి బాబుగారూ?" అంది.

"పూజ చేసిందాన్ని అప్పుడే దించుతామా? ఉండనీ. పని కూడా చురుగ్గా సాగుద్ది" అన్నాడాయన.

అదీ సంగతి! నన్ను దేవుణ్ణి చేసి, నా పని ఊడగొట్టారు. రోజూ ఓ అగరొత్తి మాత్రం వెలిగించేవారు.

కార్తీకం వచ్చింది. ఓ మధ్యాహ్నం అచ్చులో మూత ఇరుక్కుంది. నాంచారమ్మ వేళ్లతో తొయ్యబోయింది. కాలు పెడలు మీదే ఉంది. గోడ మీద నుంచి నేను చూస్తూనే ఉన్నాను. నోరుంటే షెడ్డు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. కుడిచేతి ఉంగరం వేలు, పై కణుపు దాకా పోయింది. ఆ రోజు నా మెడలో ఎండిన దండ చూసుకుంటే నాకే అసహ్యమేసింది.

కబురు తెలిసి హైమవతి పరిగెత్తుకొచ్చింది. పున్నయ్యగారు తల ఎత్తలేకపోయాడు. "తీయించింది నేనేనమ్మా. మీరు అడ్డెట్టే ఇచ్చారు. మీ తప్పేం లేదు" అన్నాడు.

కట్టుకట్టిన చేతిని కొంగులో దాచుకుంటూ నాంచారమ్మ, "ఎవరిదీ కాదులే అమ్మా, నా ఖర్మ. చూసుకోవద్దా నేను!" అంది.

హైమవతి మేకు మీద ఉన్న నన్ను చూసింది. బొట్టు చూసింది, దండ చూసింది. కళ్లనిండా నీళ్లు.

"కాదు నాంచారమ్మా. మిషను నడిపించేవాళ్ల బాధ్యత వాళ్లది, కాదన్ను. గీసేవాళ్లకీ చట్టం ఓ బాధ్యత పెట్టింది. మనిషన్నాక తొందరపడతాడు, మర్చిపోతాడు, పూజ కూడా చేస్తాడు. అవన్నీ ముందే అనుకుని గియ్యాలి నేను. అడ్డు తీసినా తిరిగే మిషను గీశాను. ఖర్మ కాదు, నా గీత."

నన్ను తనే దించింది. బోల్టులకి బదులు మడతబందులు వేయించింది, లోపల ఓ స్విచ్చి పెట్టించింది. నేను నా చోట లేకపోతే ప్రెస్సుకి కరెంటు అందదు. నాలుగు బోల్టుల జాలీతో అమ్మిన ప్రెస్సులన్నిటి దగ్గరికీ, కంపెనీలో సణిగినా వినకుండా, వరసగా తిరిగింది.

చెయ్యి మానాక నాంచారమ్మ పనిలోకొచ్చింది. మళ్లీ దసరా. పాత అలవాటు పోతుందా? పున్నయ్యగారు నన్ను తెరిచి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కసారి తిప్పి చూద్దామని బటను నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఇదేంటి, పండగపూట మొరాయించింది!"

నాంచారమ్మ కిసుక్కున నవ్వింది. "అడ్డు ముయ్యండి బాబుగారూ. అది ఉంటేనే తిరుగుద్ది."

ఆయన నవ్వలేదు. రెండు చేతులతో నన్ను మూసి, పక్కకి తప్పుకుని, "బొట్టు నువ్వు పెట్టమ్మా" అన్నాడు.

బొట్టు ఉంగరం వేలితోనే పెట్టాలి. నాంచారమ్మ కుంకంలో ఆ పొట్టి వేలే అద్ది, నా నుదుటి మీద పెట్టింది. గోరు లేని వేలు కదా, బొట్టు వెడల్పుగా పడింది.