బోరు వేసిన రోజు యమున ఊళ్ళోనే ఉంది

బోరు బండి చేలో దిగేలోపే మా పక్కింటి శివయ్య తన పెద్దపిల్ల యమునను ఊరు దాటించేస్తాడట. ఈ మాట వెంకటరమణమ్మ కుళాయి దగ్గర అందట. మా ఆవిడ బిందెతోపాటు ఇంటికి మోసుకొచ్చింది.

అందులో వింతేమీ లేదు. యమున పుట్టిన పూటే తల్లి పోయింది. ఆ ఏడు వానా మొహం చాటేసింది. పిల్ల పాదం మంచిది కాదని అప్పుడే తేల్చేశారు. శివయ్య నాంచారమ్మను చేసుకుని, కొడుకు శ్రీకాంత్ పుట్టాక ఆ మాట ఇంటి నియమమైంది. కొత్తింట్లో పాలు పొంగించినా, వాడి పుట్టువెంట్రుకలు తీయించినా, ట్రాక్టరు కొన్నా, ముందురోజే యమునను రాజుపాలెంలో ఉండే పెద్దమ్మ బుల్లెమ్మ దగ్గరకు బస్సెక్కించేవారు. పని అయ్యాక రమ్మని కబురు. మొదట్లో ఏడ్చేది. తర్వాత పుస్తకాల సంచీ వెంట తీసుకుపోవడం మొదలుపెట్టింది. బస్సులో రికార్డు బొమ్మలు గీయడం కుదరదు గానీ చదవడం కుదురుతుందని ఒకసారి నాతో అంది.

ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. మిరపచేను కాయ మీదుంది, నీళ్ళు లేవు. నీళ్ళ జాడ చెప్పే మీరా సాహెబ్ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ లేచి నిలబడ్డ చోట సున్నంతో పాయింటు పెట్టాడు. బండి వచ్చే రోజు పొద్దున్నే శివయ్య కూతురి చేతిలో బస్సు చార్జీ పెట్టబోయాడు.

"పోను నాన్నా. రేపు పొద్దున గురజాలలో ప్రాక్టికల్స్. రాజుపాలెం నుంచి మొదటి బస్సెక్కినా అందుకోలేను. ఏడాది పోతది."

"ఏందే, నోరు లేస్తా ఉంది?" అంది నాంచారమ్మ.

"గది దాటి రాను పిన్నీ. చేను మొహం కూడా చూడను. కావాలంటే బయట గడియ పెట్టుకోండి."

నిజంగానే పెట్టారు. మధ్యాహ్నం నుంచి బండి ఊరంతా అదిరేలా మోగింది. రాయి, దాని కింద మళ్ళీ రాయి. మిరపాకు మీద తెల్లటి దుమ్ము పేరుకుంది. పొద్దుగూకే వేళకు డ్రైవరు రాడ్లు పైకి లాగించాడు. చెమ్మ కూడా తగల్లేదు.

తెల్లారి నేను పలకరించడానికి వెళ్ళేసరికి శివయ్య గడపలో అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. అతని వెనక యమున, తెల్లకోటు మడిచి చంకలో పెట్టుకుని, రికార్డు పట్టుకుని నిలబడి ఉంది.

"దీన్ని ఇంట్లో పెట్టుకుని బోరేయించొద్దని చెప్తే విన్నావా?" అని నాంచారమ్మ మొగుణ్ణి దులిపేస్తోంది. "చేను మాడిపోయింది. ఇప్పుడు సల్లగుందా?"

"కాలేజీ లేదు, గీలేజీ లేదు," అన్నాడు శివయ్య, కూతురి వంక తిరక్కుండానే. "బట్టలు సర్దుకో. ఇంక మీ పెద్దమ్మ దగ్గరే ఉండు. నువ్వుంటే మాకు నీళ్ళు పడవు."

"పోయినేడు రెండు బోర్లేయిస్తే నీళ్ళు పడనప్పుడు నేను రాజుపాలెంలోనే ఉన్నా గదా నాన్నా. అవి ఎవరి పాదం? లెగు, బస్సు టైమైంది."

శివయ్య పెళ్ళాం వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత కాళ్ళు ముడుచుకున్నాడు.