తెస్ఫాయె తిన్న చోట్లు

ఆదివారం పొద్దున సూర్యలంకలో స్నానానికి దిగిన తెస్ఫాయెని అల లోపలికి లాగేసింది. కూడా దిగిన హాస్టలు కుర్రాళ్ళిద్దరూ ఎలాగో ఒడ్డున పడి కేకలు పెడుతుంటే, వలలు బాగుచేసుకుంటున్న ముత్యాలరావు పడవ తోసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం దాటేదాకా వెతికాడు. తిరిగొచ్చి, ఇసకలో నిలబడి ఉన్న కూతురు దుర్గాదేవి ముఖంలోకి చూడలేక, పడవ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

దుర్గాదేవి, తెస్ఫాయె బాపట్లలో వ్యవసాయ ఎమ్మెస్సీ చదువుతున్నారు. అతనిది ఇథియోపియా. విత్తనాల గురించి నేర్చుకుందామని సముద్రాలు దాటి వచ్చాడు. మొదట్లో క్లాసులో అతని పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోతుంటే చూడలేక దుర్గాదేవి వెళ్ళి కూర్చుంది. స్నేహం అలా కలిసింది. సెలవొస్తే సూర్యలంక పక్క పల్లెపాలెంలో ఉన్న వాళ్ళింటికి వచ్చేవాడు. చేపల పులుసులో ముళ్ళు ఏరుకోవడం చేతకాక అవస్థ పడుతుంటే, దుర్గాదేవి తల్లి రత్తాలు పక్కన కూర్చుని తీసిపెట్టేది. "ఇంతోటి మగాడివి, ముల్లు తీసుకోటం రాదేంట్రా నీకు?" అంటే, అర్థం కాకపోయినా నవ్వేవాడు.

వారం మధ్యలో అతని అక్క హిరుత్ వచ్చింది. వాళ్ళ దేశంలో ఏదో ఊళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పుకునే టీచరు. పొడుగ్గా, తమ్ముడిలాగే వెడల్పాటి నుదురుతో ఉంది. కాలేజీ వాళ్ళు గెస్ట్‌హౌస్‌లో గది ఇస్తామన్నా వద్దంది. సముద్రం కనిపించే చోట ఉంటానంది. అలా ముత్యాలరావు ఇంటికే చేరింది. వచ్చినప్పటి నుంచి వాకిట్లో కుర్చీ వేసుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చోవడమే. ఆమెకి తెలుగు రాదు, ఇంట్లోవాళ్ళకి ఇంగ్లీషు రాదు. ఇరుపక్కలకీ దుర్గాదేవే నోరూ, చెవీ అయింది.

"దక్షిణం గాలి తోల్తందమ్మా. నీళ్ళు నిజాంపట్నం వైపు లాగుతున్నాయి. అటు పడవలన్నిటికీ ఫోన్లు చేశాం. పిల్లోడు దొరుకుతాడు," అన్నాడు ముత్యాలరావు.

దుర్గాదేవి ఆ మాట చెప్పింది. హిరుత్ తలూపి, "నా తమ్ముడు ఇక్కడ చేపల పులుసు తినేవాడట. నాకూ పెట్టమను," అంది.

ఆ మాట వినగానే రత్తాలు చేతిలో చెంబు కింద పెట్టేసింది. "నీళ్ళల్లో పిల్లోడుండగా చేప ఎట్టా వండమంటావే? ఆ చేపలు ఏం తిన్నాయో ఎవరికి తెలుసు? నావల్ల కాదు. పాలెంలో ఎవరి పొయ్యి మీదా చేప ఎక్కట్లా," అంది.

హిరుత్ సమాధానం కోసం చూస్తోంది. దుర్గాదేవి ఆమె వైపు తిరిగి, "ఈ రెండ్రోజులూ పడవలు వేటకి పోలేదట. పప్పు వండుతానంటోంది," అని చెప్పింది.

ఆ రాత్రి ముగ్గురాడవాళ్ళూ పప్పన్నం ముందు కూర్చున్నారు గానీ ఎవరి చెయ్యీ సాగలేదు. హిరుత్ ఫోను తీసి తమ్ముడు పంపిన సందేశాలు దుర్గాదేవికి ఇంగ్లీషులో చదివి వినిపించింది. అవి ఎక్కువగా తిండి గురించి, తిరిగిన ఊళ్ళ గురించి. దేశం కాని దేశంలో ఏం తింటున్నాడోనని తల్లి బెంగపడకుండా ప్రతివారం రాసేవాడు. తెనాలిలో కాలవ పక్క టిఫిన్ హోటల్లో పుల్లటి దోసె వేస్తారనీ, కళ్ళు మూసుకుని తింటే అచ్చం ఇంట్లో ఇంజెరా రొట్టె తిన్నట్టే ఉంటుందనీ రాశాడు. అక్కడ తనకో ప్రత్యేకమైన చోటు ఉందట. వేపచెట్టు నీడ, కాలవ గాలి. తను వెళితే ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వరట. తెనాలి నుంచి రేపల్లె బండెక్కితే అదే ఆఖరి స్టేషననీ, అక్కడ రాహేలు అనే ఆవిడ తోపుడుబండి దగ్గర వేపుడు చేప తింటే ప్రాణం లేచొస్తుందనీ రాశాడు.

"ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కేలా ఉంది. ఆ చోట్లు చూపించు," అంది హిరుత్. పెట్టె తెరిచి, ఇంటి నుంచి తెచ్చిన కాఫీ గింజల పొట్లాలు బయటికి తీసింది. తమ్ముడికి అన్నం పెట్టినవాళ్ళకి ఇవ్వమని తల్లి కట్టి పంపిందట. ఒకటి అప్పుడే రత్తాలు చేతిలో పెట్టింది.

పొద్దున్నే బాపట్లలో ప్యాసింజరు ఎక్కారు. చుండూరు దాకా కిటికీ అవతల నాట్లు పడుతున్న పొలాలే. తెనాలిలో దిగి, ఆటోల మధ్య నుంచి నడిచి కాలవ గట్టుకి చేరారు. హోటలు చిన్నదే గానీ జనం కిటకిటలాడుతున్నారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని దశరథరామయ్య తెల్లచొక్కా, విభూతి బొట్టుతో పెద్దమనిషిలా ఉన్నాడు. హిరుత్‌ని చూడగానే ఆయన ముఖం ఒక్క క్షణం బిగుసుకుంది.

"బాబాయ్‌గారూ, మీ దగ్గరికి టిఫినుకొచ్చే ఇథియోపియా అబ్బాయి ఉన్నాడు కదండీ, ఈమె అతని అక్కండి. ఆ అబ్బాయి సముద్రంలో పోయాడండి. అతను కూర్చునే చోటు చూడాలని వచ్చింది," అంది దుర్గాదేవి.

"పోయాడా! అయ్యయ్యో!" దశరథరామయ్య లేచి నిలబడ్డాడు. "ఆ నల్లబ్బాయి! మంచివాడమ్మా. నిన్నటి పిండితో వెయ్యమని అడిగేవాడు." ఆపైన తడబడ్డాడు. "కూర్చునే చోటంటే... లోపల కాదమ్మా. అదిగో, ఆ బయట."

వేపచెట్టు కింద, జనం చేతులు కడుక్కునే కుళాయి పక్కన ఒక సిమెంటు దిమ్మె ఉంది. కడిగిన నీళ్ళు దాని మొదట్లోనే మడుగు కట్టాయి. ఎంగిలాకుల డ్రమ్ము చుట్టూ ఈగలు ముసురుతున్నాయి.

"అక్కడెందుకండీ?"

"నాకేం లేదమ్మా, దేవుడి తోడు! ఫ్యామిలీలు వస్తాయి. అతను వచ్చి కూర్చుంటే పక్క టేబుళ్ళ వాళ్ళు లేచిపోయేవాళ్ళు. ఒకావిడైతే పిల్ల జడుసుకుంటోందని నా మీద అరిచింది. నేనే చెప్పా, బాబూ, నువ్వు పార్సిలు కట్టించుకుని అక్కడ కూర్చోమని. ఏమనుకోలా. సరేనండీ అన్నాడు. వచ్చినప్పుడల్లా అక్కడే తినేవాడు." దశరథరామయ్య గొంతు తగ్గించాడు. "ఇవన్నీ ఆమెకిప్పుడు చెప్పమాకమ్మా. దుఃఖంలో ఉంది పాపం."

తెస్ఫాయె ఈ సంగతి దుర్గాదేవికి ఒక్కనాడూ చెప్పలేదు. కాలవ గాలి, వేపచెట్టు నీడ అని తనతోనూ అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగింది హిరుత్.

"నీ తమ్ముడంటే వాళ్ళకి చాలా ఇష్టమట. ఆ చోటు అతనిదేనట."

హిరుత్ వెళ్ళి దిమ్మె మీద కూర్చుంది. దశరథరామయ్య హడావుడిగా దోసెలు తెప్పించి, లోపలికి వచ్చి కూర్చోమని చేయి చూపించాడు. ఆమె కదల్లేదు. అక్కడే, మడుగులో కాళ్ళు తడుస్తున్నా, కళ్ళు మూసుకుని పుల్లటి దోసె తిన్నది. కన్నీళ్ళు ఆకు మీద పడుతుంటే అలాగే తిన్నది. తర్వాత లేచి, కాఫీ పొట్లం రెండు చేతులతో దశరథరామయ్యకి అందించి, ఆయన ముందు వంగి నమస్కారం పెట్టింది. ఆయన చేతులు పంచెకి తుడుచుకుని పుచ్చుకున్నాడు. దుర్గాదేవి తలవంచుకుని రోడ్డు మీదికి వచ్చేసింది.

రేపల్లె బండిలో హిరుత్ ముఖం కాస్త తేటపడింది. వేమూరు, భట్టిప్రోలు స్టేషన్ల పేర్లు బోర్డుల మీద చూసి, ఇంగ్లీషక్షరాలు కూడబలుక్కుని చదివింది. "నిన్నటిదాకా భయపడ్డాను. పరాయివాళ్ళ మధ్య ఒంటరిగా ఉన్నాడేమోనని. ఆ పెద్దాయన్ని చూశాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను," అంది. దుర్గాదేవి కిటికీ వైపు తిరిగింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఈ ఒక్క పూటా ఆమెని అలా ఉండనిస్తే ఏం పోయిందనుకుంది.

రేపల్లె స్టేషను బయట రాహేలు బండి వెతుక్కోనక్కర్లేకపోయింది. చేపల వేపుడు వాసనే అక్కడికి లాక్కెళ్ళింది. రాహేలు బలమైన మనిషి, వయసు యాభై దాటి ఉంటుంది. హిరుత్‌ని చూడగానే అట్లకాడ పక్కన పెట్టింది.

"అబ్బాయి అక్కవి కదూ? నుదురు చూస్తే తెలవట్లా! ఏడీ వాడు? రెండు వారాల నుంచీ కనపళ్ళేదు, పరీక్షలా?"

"పిన్నీ..." అని దుర్గాదేవి చెప్పడం మొదలుపెట్టింది. మాట పూర్తి కాకముందే రాహేలు బండి చట్రం పట్టుకుని కూలబడింది. కాసేపు ఏడ్చి, లేచి, హిరుత్ రెండు చేతులూ పట్టుకుంది.

"ఎంత చల్లటి పిల్లోడమ్మా నీ తమ్ముడు! నేను బల్ల తుడిచి, ఇట్టా మధ్యలో కూర్చోబెట్టేదాన్ని. ఎవడేనా మూతి తిప్పితే అట్లకాడ చూపిచ్చేదాన్ని. తెనాల్లో లేపేశారంట గదా నా బిడ్డని! ఎంగిలికుండీ పక్కన కూర్చోబెట్టారంట. అది నాకు సైగలు చేసి చెప్పి, నవ్వుతాడేంటమ్మా వాడు!" అంటూ, పైకి లేవమన్నట్టు చేయి విసిరి చూపించింది.

హిరుత్ చూపు ఆ చేతి మీద ఆగింది. తెనాలి అన్న మాట ఆమెకి తెలుసు. ఆ సైగకి తర్జుమా అక్కర్లేదు.

"ఏం చెప్పింది?"

"అతనంటే చాలా ప్రేమ అని..."

"నా తమ్ముడి గురించి నాకు అబద్ధం చెప్పకు."

దుర్గాదేవి అంతా చెప్పింది. పక్క టేబుళ్ళ వాళ్ళు లేచిపోవడం, పార్సిలు, డ్రమ్ము, కుళాయి. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేక, పాలెంలో చేపలు ఎందుకు వండలేదో కూడా చెప్పేసింది. హిరుత్ కళ్ళార్పకుండా విన్నది.

"నేను ఆయన ముందు వంగాను. మా అమ్మ కట్టిన కాఫీ ఇచ్చాను. నువ్వు పక్కనే నిలబడి చూశావు."

"నువ్వు బాధపడతావని..."

"బాధపడ్డానికే వచ్చాను. ఇంకెందుకు వచ్చాననుకున్నావు?"

రాహేలు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ, తన నోటి వెంట ఏదో రాకూడని మాట వచ్చిందని గ్రహించి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే దుర్గాదేవి ఫోను మోగింది. అవతల ముత్యాలరావు.

"దొరికాడమ్మా. నిజాంపట్నం అవతల, మడ చెట్లల్లో. రేపల్లె పెద్దాసుపత్రికి తెస్తున్నారు." ఆఖరికి, "ఆ అమ్మాయికి ముఖం చూపియ్యమాకండి," అన్నాడు.

ఈసారి దుర్గాదేవి ఉన్నది ఉన్నట్టు చెప్పింది, తండ్రి ఆఖరి మాటతో సహా.

హిరుత్ చూస్తానంది. ఆసుపత్రి వెనక గదిలోకి దుర్గాదేవి కూడా వెళ్ళింది. గుడ్డ తీసినప్పుడు చూడ్డానికి ముఖం అంటూ మిగల్లేదు. మెడలో చిన్నప్పుడు జ్ఞానస్నానం నాడు కట్టిన నల్లదారం మాత్రం ఉంది. ఉప్పునీళ్ళకి ఉబ్బిన కంఠంలోకి అది కోసుకుపోయి ఉంది. హిరుత్ దాన్ని వేలితో తాకి, "వీడే," అంది. బయటికి వచ్చి గోడవారగా కూర్చుని, తల గోడకి కొట్టుకోవడం మొదలుపెట్టింది. దుర్గాదేవి తన చెయ్యి అడ్డంపెట్టింది. హిరుత్ ఆ చెయ్యి తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

ఆ స్థితిలో ఉన్న శరీరాన్ని విమానంలో పంపడం కుదిరే పని కాదని ఫోన్లో రాయబార కార్యాలయం వాళ్ళు అన్నారు. ఇక్కడే పాతిపెడతానంది హిరుత్. ఎక్కడ అన్నది తేలేలోపే రాహేలు తన అన్న ఏసుపాదాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన పేటలో చర్చి పెద్ద.

"మా అమ్మ పక్కన నాకని జాగా వదిలిపెట్టారు. అందులో పెడదాం. నా సంగతి తర్వాత చూసుకోవచ్చు," అంది రాహేలు.

మర్నాడు ముసురు పట్టింది, ఆ వానలోనే సమాధి చేశారు. పాలెం నుంచి ముత్యాలరావు, రత్తాలు, కాలేజీ నుంచి కొందరు కుర్రాళ్ళు వచ్చారు. గొయ్యిలో నీళ్ళు ఊరుతుంటే ఏసుపాదం కొడవలితో కొబ్బరిమట్టలు నరికి అడుగున పరిపించాడు. ఏసుపాదం తెలుగులో ప్రార్థన చేశాడు. హిరుత్ తన భాషలో ఏదో సన్నగా పాడింది. సగంలో ఆగిపోతే, ఆ పాట తెలియని రాహేలు ఊరికే రాగం అందుకుని మూలుగులాగా చివరిదాకా నడిపింది.

సాయంత్రం రేపల్లె బస్టాండులో విజయవాడ బస్సు కోసం కూర్చున్నారు. అక్కడి నుంచి హిరుత్ హైదరాబాదు వెళ్ళి విమానం ఎక్కాలి. ఆసుపత్రి నుంచి ఇప్పటిదాకా ఆమె దుర్గాదేవితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఇంతలో ఫోను వచ్చింది. స్క్రీను మీద తలకి తెల్లగుడ్డ కట్టుకున్న ముసలావిడ కనిపించింది. తల్లి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినట్టుంది. ఏవో ప్రశ్నలు అడుగుతోంది.

హిరుత్ చెబుతోంది. భాష తెలియకపోయినా మధ్యలో సూర్యలంక, రాహేలు అన్న పేర్లు దుర్గాదేవికి పట్టుబడ్డాయి. తర్వాత తెనాలి అన్న మాట వినిపించింది. ఆ మాట దగ్గర హిరుత్ గొంతు మెత్తబడింది. ఒక చెయ్యి పైకెత్తి, గాలికి ఆకులు ఊగుతున్నట్టు వేళ్ళు కదిపి చూపించింది. రెండు చేతులూ కలిపి, ఎవరికో ఏదో ఇచ్చినట్టు ముందుకి చాపింది. తెరలో ముసలావిడ కళ్ళు తుడుచుకుని, చేతులు ఆకాశం వైపు ఎత్తి, ఆ తెనాలి మనిషిని కాబోలు, దీవించింది.

హిరుత్ ఫోను పెట్టేసింది. తర్వాత ఉన్నట్టుండి లేచి, బస్టాండు గోడ దగ్గరికి పరిగెత్తి, పొద్దుట్నుంచి ఏమీ తినని కడుపుతో పసరు కక్కుకుంది. దుర్గాదేవి నీళ్ళ సీసా అందించి, వీపు నిమిరింది.

"దేని గురించీ నన్ను అడగకు," అంది హిరుత్, ముఖం కడుక్కుంటూ.

"అడగను."

విజయవాడ బస్సు వచ్చి ఆగింది. దుర్గాదేవి పెట్టె పైకెక్కించి, కిటికీ సీటు చూపించి దిగింది. బస్సు కదిలాక హిరుత్ వెనక్కి చూస్తుందేమోనని వానలో నిలబడింది. చూడలేదు.