బండ మీద ఆంజనేయప్ప

బాగేపల్లి దగ్గరి డ్యాం చుట్టూ ఎత్తుపల్లాల మ్యాపు తయారుచేసే పని మంజుశ్రీకి అప్పజెప్పారు. చింతామణి ఊరి అమ్మాయి, సర్వేలో చేరి ఏడాది కాలేదు. ఆమె దూరాలు కొలిచే యంత్రం దగ్గర నిలబడితే, అద్దం బిగించిన కర్ర పట్టుకుని గుట్టలెక్కేది ఆంజనేయప్ప. గుడిబండె మనిషి, యాభై దాటినవాడు.

ఆ పొద్దున అతను నీటి అంచునున్న పెద్ద బండ ఎక్కాడు. మూడు వందల మీటర్ల దూరం. మంజుశ్రీ యంత్రంలో కన్ను పెట్టింది. అద్దం కనిపించింది. దాని వెనక, రాళ్ల సందులో నల్లగా ఏదో కదిలింది. మేకేమో అనుకుంది. అది తలెత్తింది.

ఎలుగుబంటి. వీపు మీద పిల్ల.

అతనికీ దానికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. మంజుశ్రీ వాకీటాకీ తీసి, మీట నొక్కబోయి ఆగింది. అతని నడుముకున్న సెట్టు గరగరమంటే అది ఉలిక్కిపడి మీదికొస్తుంది. ఎలుగని అరిస్తే అతను వెనక్కి తిరిగి దానికి ఎదురుపడతాడు.

ఆంజనేయప్ప ఆమె సైగ కోసమే చూస్తున్నాడు. ‘అయింది’ అంటే వచ్చిన దారినే, ఆ సందు పక్కగానే దిగుతాడు. ఆమె కుడిచేయి చాపింది, పక్కకు జరగమని. రెండడుగులు జరిగి కర్ర నిలబెట్టాడు. మళ్లీ చాపింది. మళ్లీ జరిగాడు. ఎలుగు వాసన చూసుకుంటూ అతను అంతకుముందు నిలబడ్డ చోటికి వచ్చింది.

బండ అంచు వచ్చేసింది. ఆమె రెండు చేతులూ కిందికి ఊపింది. అతను తల అడ్డంగా ఊపి సెట్టు తీశాడు.

“ఈడ తావు లేదమ్మా. కింద జారుడు బండ ఉండాది.”

ఆ మాటకు ఎలుగు గిర్రున తిరిగింది.

“అప్పా, ఎనక్కి చూడొద్దు! కర్ర ఇడిసిపెట్టి జారు!”

అతను మారుమాటాడకుండా కూర్చుని జారిపోయాడు. ఎలుగు అంచుదాకా ఉరికి, రెండు కాళ్ల మీద లేచి అరిచింది. తర్వాత రాళ్ల సందులోకి మళ్లిపోయింది. యంత్రంలో ఖాళీ బండ తప్ప ఏమీ కనబడలేదు.

మంజుశ్రీ పరుగెత్తింది. కింద కంపచెట్లలో ఆంజనేయప్ప కూర్చుని ఉన్నాడు. మోచేతులు చీరుకుపోయాయి.

“కరడి అని ముందే చెప్పకూడదేమమ్మా?” అన్నాడు. ఎలుగును ఆ పక్క కరడి అనే అంటారు.

“చెప్పింటే ఎనక్కి తిరిగేవాడివి గదప్పా.”

అతను బండ పైకి చూశాడు. “అవును, తిరిగేవాణ్ణి” అన్నాడు. ఆమె ఇచ్చిన నీళ్లు సగం చొక్కా మీదే పడ్డాయి.

మూడోనాడు పనికొచ్చాడు. ఆ తర్వాత ఏ బండ ఎక్కాలన్నా ముందు నాలుగు రాళ్లు విసిరి, చెవి ఒగ్గి వినేవాడు. మంజుశ్రీ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.