రేణు నీడ

రోజూ పొద్దున రెస్టారెంట్‌లో వంటపనికి వెళ్ళేముందు రేణు పక్కింటి పరంధామయ్య మెట్ల దగ్గర ఓ గంట నిలబడేది. ఆమె నీడ చల్లగా ఉంటుంది. అమెరికాలో బెంటన్‌విల్ ఊరి శివార్లలో, రేకుల ఇళ్ళు వరసగా ఉన్న ఆ మొబైల్ హోమ్ పార్క్‌లో అందరికీ ఆ సంగతి తెలుసు. పొద్దుటిపూట నీడ పొడుగ్గా పడుతుంది కాబట్టి ముగ్గురు నలుగురు కుర్చీలు తెచ్చుకుని మరీ అందులో కూర్చునేవాళ్ళు.

పరంధామయ్యకి డెబ్బై ఎనిమిదేళ్ళు. పాతికేళ్ళు పెట్రోలు పోసే గ్యాస్ స్టేషన్‌లో పనిచేసి, ఇప్పుడు ఒక్కడే ఉంటున్నాడు. జూన్‌లో ఆయన ఏసీ పాడైంది. కిటికీకి చిన్నది పెట్టుకుంటానంటే పార్క్ మేనేజర్ ఒప్పుకోలేదు. రోడ్డుమీదికి కనిపిస్తే బాగోదట.

ఆగస్టులో ఓ శనివారం పదకొండింటికి పార్క్ మొత్తానికి కరెంటు పోయింది. రోడ్డవతల పెద్ద ఇళ్ళలో ఏసీలు హోరుమంటూనే ఉన్నాయి. ఇక్కడి ఇళ్ళ రేకుల గోడలు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. రేణు పరంధామయ్యని బయటికి తెచ్చి, మెట్లమీద కూర్చోబెట్టి, ఎండకి అడ్డం నిలబడింది. మిట్టమధ్యాహ్నానికి నీడ కుంచించుకుపోయి ఆయన తలకీ రొమ్ముకీ మాత్రమే సరిపోయింది.

అప్పుడు వెనకింటి మారిసోల్ పరిగెత్తుకొచ్చింది. చేతుల్లో ఇరవై రోజుల పాప. మెడ వాలిపోయి ఉంది.

"ఏడవడం లేదు రేణూ! పాలు తాగడం లేదు!"

రేణు అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలు పడుతుందన్నారు.

పరంధామయ్య రెయిలింగ్ పట్టుకుని లేచాడు.

"ఎక్కడికి బాబాయ్? కూర్చోండి!"

"నాకు నయంగానే ఉందమ్మా. లోపల కాస్త నడుం వాలుస్తా. పిల్లని ఇక్కడ పడుకోబెట్టమను."

"లోపల పొయ్యిలా ఉంది!"

"చెప్పానుగా, నయంగా ఉందని."

అబద్ధమని రేణుకి తెలుసు. తెలిసీ ఆయన చెయ్యి పట్టుకుని ఆపలేదు.

పాప నీడలో పడుకుంది. రేణు అడుగు కదపకుండా నిలబడే పిలిచింది.

"బాబాయ్!"

"ఆఁ."

కాసేపాగి మళ్ళీ పిలిచింది. "ఆఁ" అని వచ్చింది, సన్నగా. మూడోసారి ఏమీ రాలేదు.

"మారిసోల్, లోపలికెళ్ళి చూడవా?"

మారిసోల్‌కి వినపడలేదు. పాప పెదవులనే చూస్తోంది. ఆ పెదవులు వణికాయి, విడిపోయాయి. పాప కెవ్వుమని ఏడ్చింది.

అంబులెన్స్ వచ్చి పాపని తీసుకున్నాక రేణు లోపలికి పరిగెత్తింది. పరంధామయ్య తెరిచిన ఫ్రిజ్‌కి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు గోడంత వేడిగా ఉంది. ఊపిరి లేదు.

పాపకి ప్రాణభయం లేదని మారిసోల్‌తో ఎవరో చెబుతున్నారు. రెండో అంబులెన్స్ వాళ్ళు ఆయన ముఖం మీద దుప్పటి కప్పి బయటికి తెచ్చారు. వాళ్ళ పక్కన, ఎండ వచ్చే వైపు, రేణు కూడా నడిచింది.