నాకు చింపని ప్యాకెట్టు

మా కోడలు పనిచేసే పళ్ళ క్లినిక్కులో ఒక పద్ధతి ఉంది. శుభ్రం చేసి అంటించిన పరికరాల ప్యాకెట్టును పేషెంటు కళ్ళముందే చింపాలి. కుర్చీలో ఉన్న మనిషికి కనిపించేలా పైకెత్తి, పర్రున చింపి, పళ్ళెంలో పరచాలి. ఆ చప్పుడు వింటే సగం భయం పోతుందని డాక్టరమ్మ నమ్మకం. ఇంట్లో పాల ప్యాకెట్టు చింపినా కోడలి చెయ్యి అలాగే పైకి లేచేది. "చూశాంలే, ఇక పొయ్యిమీద పెట్టు" అని మా అబ్బాయి ఆటపట్టించేవాడు.

ఈ ఏడాది అక్కడ ధరలు రెండుసార్లు పెరిగాయి. పీకడానికి ఇంత, ఎక్స్‌రేకి ఇంత అని రాసిన బోర్డు మీద అడుగున కొత్త వరుస చేరింది. శుభ్రతకు వేరే రుసుమట. అద్దె దగ్గర్నుంచి చేతి తొడుగుల దాకా అన్నీ పెరిగాయని డాక్టరమ్మ అనేది. అది అబద్ధం కాదు. మా అబ్బాయి పనిచేసే గోదాము మూతపడ్డాక మా ఇల్లు నడుస్తున్నది కోడలి జీతం మీదే. ఆ బోర్డును తిట్టుకునే వీలు కూడా నాకు లేదు.

నా దవడ పన్ను మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. లవంగనూనెతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. చెంప వాచి ముద్ద దిగకపోయేసరికి మా అబ్బాయి పట్టుబట్టాడు.

"మనకైతే సగమే తీసుకుంటారు. ఇంకా ఎందుకమ్మా నాన్చుతావు?"

కోడలు ఏదో అనబోయి, గిన్నెలు కడగడానికి లేచిపోయింది.

మర్నాడు క్లినిక్కు హాల్లో నా పక్కన ఒక దర్జీ కూర్చున్నాడు. మెడలో కొలతల టేపు తీయకుండానే వచ్చేశాడు. చెంప పట్టుకుని బోర్డంతా చదివాడు.

"ఒక్క పన్నుకి ఇంతా పెద్దమ్మా? నేను ప్యాంటు కుడితే రెండు కాళ్ళకీ కలిపి ఒకటే రేటు."

నవ్వబోతే నా దవడ కలుక్కుమంది. "నవ్వించకు నాయనా, ఆ ఖర్చు కూడా నేను పెట్టుకోలేను."

నా వంతు వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలాను. దీపం ముఖం మీదికి దిగింది. డాక్టరమ్మ అటు తిరిగి చేతులు కడుక్కుంటోంది. కోడలు ప్యాకెట్టు పైకెత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా దాన్ని కింద పెట్టి, నా జబ్బకు బీపీ పట్టీ చుట్టింది. గాలి సగమైనా కొట్టకుండానే విప్పేసింది.

"మేడమ్, అత్తయ్యకి బీపీ బాగా ఎక్కువుంది. ఇవాళ వద్దు."

"సరే, మాత్రలు రాసిస్తాను. తర్వాతివాళ్ళని పిలువు."

తలుపు దాటగానే కోడలి మణికట్టు పట్టుకున్నాను. "నా బీపీ సంగతి నాకు తెలియదా? ఏమైందమ్మాయ్?"

ఆమె నేల చూపులు చూసింది. "పరికరాలను ఆవిరిలో ఉడికించే యంత్రం చెడిపోయింది అత్తయ్యా. బాగుచేయడానికి చాలా అడుగుతున్నారు. అందాకా మందునీళ్ళలో ముంచి, ప్యాకెట్టులో పెట్టి అంటిస్తున్నాం."

"ముంచితే చాలదా?"

"చాలితే మిమ్మల్ని లేపేదాన్నా?"

"మరి ఇంట్లో చెప్పలేదేం?"

"చెబితే మానేయమంటారు. మానేస్తే ఏం తింటాం?"

కోడలు చెయ్యి వదిలించుకుని దర్జీని లోపలికి పిలిచింది.

తలుపు ఓరగా తెరిచే ఉంది. కుర్చీ వెనక్కి వాలడం, అతని కాళ్ళు పైకి లేవడం కనిపించాయి. కోడలు ప్యాకెట్టు అందుకుంది. నాకోసం తీసి పక్కన పెట్టినదే. నా నోటిని కోడలు కాపాడింది. ఇక ఆ నోరు మూసుకుని ఇంటికి వెళ్తే అద్దె కట్టుకోవచ్చు, రేపు పొయ్యి వెలుగుతుంది. అలా అనుకుంటూనే లేచాను. కాళ్ళు బయటికి కాక లోపలికి నడిచాయి.

"డాక్టరమ్మా, నా బీపీ తగ్గింది. ముందు వంతు నాది. ఆ ప్యాకెట్టు నాకే చింపమనండి."

"తర్వాత చూద్దామన్నాం కదండీ."

"చింపమ్మా" అన్నాను కోడలితో, ఇంట్లో మంచినీళ్ళు అడిగినంత మామూలుగా.

ఆమె వేళ్ళ మధ్య ప్యాకెట్టు అంచు నలిగింది. నా వైపు చూసింది. ఆ చూపులో కోపమే ఉంది. నేను కళ్ళు తిప్పుకోలేదు. చివరికి ప్యాకెట్టును పళ్ళెంలో పెట్టేసింది.

"ఇవి ఆవిరిలో పెట్టినవి కావు మేడమ్. నేను చింపలేను."

డాక్టరమ్మ ముఖానికున్న గుడ్డ కిందికి లాగింది. నిద్రలేని ముఖం. "యంత్రం వచ్చేవారం బాగవుతుంది. అప్పటిదాకా మూసేస్తే అద్దె ఎవరు కడతారు? నీ జీతం ఎవరిస్తారు?"

దర్జీ లేచి కూర్చున్నాడు. మెడకు కట్టిన కాగితపు గుడ్డ ఇంకా వేలాడుతూనే ఉంది.

"మొన్న మా ఆవిడకి ఇక్కడే పన్ను పీకారు. ఆవేళ కూడా ఇలాగే చింపి చూపించారు."

కోడలు చేతి తొడుగులు ఒక్కొక్కటే విప్పింది.

"చింపింది నేనే, అన్నా. అప్పటికే యంత్రం చెడిపోయింది. ఆవిణ్ణి రక్తపరీక్షకి తీసుకెళ్దాం. ఏయే పరీక్షలు అడగాలో నాకు తెలుసు. నేనూ వస్తాను."

"ఇప్పుడు వెళ్తే మళ్ళీ రానక్కర్లేదు" అంది డాక్టరమ్మ.

"హాల్లో ఉన్నవాళ్ళకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా మేడమ్?"

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. కోడలు తనే హాల్లోకి నడిచింది. తమ వంతే వచ్చిందనుకుని అందరూ తలలెత్తారు.